ముల్లు దిగిన పాదం ఎందుకు వాచిపోతుంది? ఆ వాపును అణచివేయవచ్చా?

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి 60 ఏళ్ళు. మూడు రోజుల క్రితం పొలం గట్టు మీద నడుస్తుంటే సర్కారు తుమ్మ ముల్లు అరికాలిలో దిగింది. ముల్లు లాగేశారు గానీ కొన విరిగి లోపలే ఉండిపోయిందేమోనని అనుమానం. మర్నాటికి పాదం ఎర్రబడి వాచింది, రాత్రంతా సలిపింది. నిన్నటి నుంచి గజ్జలో బిళ్ళ కట్టింది, ఒళ్ళు వెచ్చబడింది. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన "వాపు లాగేసే ఇంజక్షన్" వేస్తానని, సాయంత్రానికల్లా పాదం మామూలుగా అయిపోతుందని అన్నారు. అది వేయించాలా వద్దా అన్నది మీ మొదటి ప్రశ్న. ఒక చిన్న ముల్లుకు శరీరం ఇంత హడావిడి ఎందుకు చేస్తుందన్నది రెండోది.

మొదటి ప్రశ్న ఆగేది కాదు కాబట్టి ముందు దానికే జవాబు. ఆ సూదిమందు వేయించకండి. ఊళ్ళలో "వాపు లాగేసే" మందు అంటే చాలాసార్లు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్, అంటే శరీర రక్షణ స్పందననే అణచే మందు. లోపల సూక్ష్మజీవులు ఉన్నాయని ఇంత స్పష్టంగా కనపడుతున్నప్పుడు, వాటి సంగతి చూడకుండా స్టెరాయిడ్ ఎక్కించడం ప్రమాదం. ఈ రోజే ఆయనను సర్జన్ దగ్గరకు తీసుకెళ్ళండి. చెట్టు ముల్లు ఎక్స్‌రేలో మామూలుగా కనపడదు, అల్ట్రాసౌండ్‌లో కనపడుతుంది; అవసరమైతే ఆ మాట మీరే గుర్తుచేయండి. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించారో చెప్పండి, ఇలాంటి మట్టి గాయమైతే ఐదేళ్ళు దాటినవారికి మళ్ళీ వేస్తారు. రక్తంలో చక్కెర పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. ఎందుకన్నది కింద వస్తుంది.

ఇక రెండో ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళుగా వైద్య విద్యార్థులకు పాథాలజీ, అంటే జబ్బుల్లో శరీరం లోపల ఏమి జరుగుతుందో చెప్పే శాస్త్రం, చెబుతున్నాను. ఏటా మొదటి పాఠాల్లో ఒకటి ఇదే, ఇప్పటికీ నాకు ఇష్టమైన పాఠం ఇదే. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వాపును చూసి బలుపు అనుకోవద్దని మన సామెత. ఒంటి లావు విషయంలో అది నిజం. ముల్లు దిగిన పాదం విషయంలో మాత్రం ఆ వాపు శరీరపు బలానికే గుర్తు. వైద్య పుస్తకాల్లో దీన్ని శోథ అంటారు, పత్రికల్లో ఇన్‌ఫ్లమేషన్ అని రాస్తున్నారు, ఇంట్లో మనం వాపు అనేస్తాం. ఇంటిమాటలో చిన్న చిక్కు ఉంది: వాపు అనేది ఈ మొత్తం ప్రక్రియలో ఒక లక్షణం మాత్రమే. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగింటినీ కలిపి ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసి పెట్టాడు. ఆ భాగం పనిచేయకుండా పోవడం అనే ఐదోది తరవాత చేరింది. మీ నాన్నగారి పాదంలో ఐదూ ఉన్నాయి. చాలా కాలం వైద్యులు ఈ లక్షణాలనే జబ్బు అనుకున్నారు. ఇది జబ్బు కాదు, మేలు చేసే పని అని గట్టిగా చెప్పినవాడు లండన్ సర్జన్ జాన్ హంటర్. సైన్యంలో పనిచేస్తూ తుపాకీ గాయాలను దగ్గరగా చూసిన మనిషి. ఆ సంగతి రాసిన ఆయన పుస్తకం ఆయన చనిపోయాక 1794లో అచ్చయింది. రెండు శతాబ్దాలు దాటినా ఆ మాట ఇంకా మన ఊళ్ళకు పూర్తిగా చేరలేదని మీ ఉత్తరం చదివినప్పుడు అనిపించింది.

ఇప్పుడు ఆ ముల్లు వెంటే లోపలికి వెళ్దాం.

ముల్లు ఒంటరిగా దిగదు. దాని మొన మీద మట్టి ఉంటుంది, మట్టిలో బాక్టీరియా ఉంటుంది, అరికాలి చర్మం మీద ఎప్పుడూ ఉండే బాక్టీరియా కూడా దానితో లోపలికి పోతుంది. చర్మం కింద రెండు రకాల కణాలు ముందు నుంచీ కాపలా ఉంటాయి: మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు. వచ్చింది పరాయిదని వాటికి ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు దొరికి ముప్పై ఏళ్ళే అయింది. బాక్టీరియా గోడల్లో మన ఒంట్లో ఎక్కడా తయారుకాని పదార్థాలు ఉంటాయి. వాటిని పసిగట్టే గ్రాహకాలు మన కణాల మీద పుట్టుకతోనే ఉంటాయి. టోల్ అనే జన్యువు ఈ పని చేస్తుందని ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో పండ్ల ఈగల్లో చూపించింది. ఎలుకల్లోనూ అలాంటి గ్రాహకమే బాక్టీరియా విషాన్ని గుర్తిస్తుందని అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో చూపించింది. 2011 నోబెల్ బహుమతిలో వీళ్ళిద్దరికీ భాగం దక్కింది. పండ్ల మీద వాలే ఈగకూ మనకూ కాపలా పద్ధతి ఒకటే అన్నది ఆలోచించేకొద్దీ ఆశ్చర్యం వేసే సంగతి. అలాగే ముల్లు చీల్చిన మన సొంత కణాల్లోంచి బయటపడ్డ పదార్థాలు కూడా హెచ్చరికగా పనిచేస్తాయి. బాక్టీరియా లేకపోయినా బెణికిన మడమ వాచేది అందుకే.

హెచ్చరిక అందగానే మాస్ట్ కణాలు తమలో నిలవ ఉన్న హిస్టమిన్‌ను వదిలేస్తాయి. దీన్ని మీరు ఇప్పుడే చూడవచ్చు. ముంజేతి లోపలి వైపు గోటితో కాస్త గట్టిగా ఒక గీత గీయండి. ముందు గీత ఎర్రబడుతుంది, కొద్దిసేపటికి దాని చుట్టూ ఎరుపు పరచుకుంటుంది, కొందరికి ఆ గీతే దద్దురులా పైకి లేస్తుంది. థామస్ లూయిస్ అనే వైద్యుడు 1927లో ఈ మూడు దశలనూ వివరించాడు. ముల్లు దిగిన చోట జరిగిందీ ఇదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, అక్కడికి వచ్చే రక్తం పెరుగుతుంది. ఎరుపూ వేడీ అక్కడి నుంచి వచ్చినవే. తరవాత చిన్న సిరల లోపలి పొరలో కణానికీ కణానికీ మధ్య సందులు ఏర్పడతాయి. వాటిలోంచి రక్తద్రవం బయటికి ఊరుతుంది. అదే వాపు.

ఊరేది వట్టి నీళ్ళు కాదు. ఆ ద్రవంలో సూక్ష్మజీవులను పట్టుకునే యాంటీబాడీలు అనే ప్రోటీన్లు ఉంటాయి. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల కూటమి ఉంటుంది. అది బాక్టీరియా ఒంటికి అంటుకుని, మింగడానికి వచ్చే కణాలకు పట్టు దొరికేలా చేస్తుంది. కొన్ని బాక్టీరియాలకు నేరుగా చిల్లులు పొడిచి చంపుతుంది. ఫైబ్రినోజెన్ ఉంటుంది, అది గడ్డకట్టి వలలా అల్లుకుని సూక్ష్మజీవులను దూరం పోనివ్వకుండా అడ్డుకుంటుంది. మీ నాన్నగారి పాదంలో మీకు కనపడుతున్న వాపు సగానికి సగం ఈ సరుకే. దాన్ని "లాగేయడం" అంటే ఏమి లాగేస్తున్నట్టో ఇప్పుడు అర్థమవుతుంది.

అసలు పోరాడేది మాత్రం తెల్ల రక్తకణాలు, మొదటి రోజున ముఖ్యంగా న్యూట్రోఫిల్స్. ఇవి ఎముక మూలుగలో రోజుకు సుమారు 10,000 కోట్లు తయారవుతాయి. రక్తంలో వీటి ఆయుష్షు గంటల్లో లెక్క. రక్తప్రవాహం మధ్యలో కొట్టుకుపోతున్న ఒక కణానికి, పాదంలో ఆవగింజంత చోట ముల్లు దిగిందని ఎలా తెలుస్తుంది? ప్రకృతి దీన్ని చక్కగా పరిష్కరించింది. ముల్లు దగ్గరి మాక్రోఫేజ్‌లు విడుదల చేసే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1 అనే సంకేతాల వల్ల అక్కడి రక్తనాళం లోపలి గోడ జిగురుబారుతుంది. వెళ్ళే న్యూట్రోఫిల్ ఆ గోడకు తగిలి వేగం తగ్గి, గోడ వెంబడి దొర్లుతుంది. దొర్లి దొర్లి ఒకచోట గట్టిగా అతుక్కుంటుంది. తరవాత రెండు కణాల మధ్య సందులోకి తన ఒంటిని సాగదీసి, నాళం గోడ దాటి కండలోకి దిగుతుంది. అక్కడి నుంచి వాసన పట్టిన కుక్కలా, బాక్టీరియా వదిలే పదార్థాలూ కాంప్లిమెంట్ తునకలూ ఎటు వైపు ఎక్కువగా ఉంటే అటు పాకుతుంది.

ఈ గోడ దాటడాన్ని జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ కోన్‌హైమ్ బతికున్న కప్ప పేగును పట్టి ఉంచే పల్చని పొరలో సూక్ష్మదర్శినితో చూసి 1867లో వర్ణించాడు. చీములోని కణాలు రక్తంలోంచి వచ్చినవేనని తేలింది అప్పుడే. అయితే అవి వచ్చి ఏమి చేస్తున్నాయి? చాలామంది, అవి సూక్ష్మజీవులను ఒళ్ళంతా మోసుకుపోయి హాని చేస్తాయనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చింది కూడా ఒక ముల్లే, అందుకే ఈ కథ మీకు చెప్పకుండా ఉండలేను.

1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ జంతుశాస్త్రజ్ఞుడు ఒడెస్సాలో ఉద్యోగం వదిలేసి, కుటుంబంతో ఇటలీలోని మెస్సినా రేవులో ఉంటున్నాడు. ఒక రోజు ఇంట్లోవాళ్ళందరూ సర్కస్‌లో కోతుల ఆటలు చూడటానికి వెళ్ళారు. ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుని నక్షత్ర చేప పిల్లలను చూస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల కణాలు కదలడం కనపడుతుంది. ఈ కదిలే కణాలు శరీరానికి కాపలా కాస్తున్నాయేమో అన్న ఆలోచన ఆయనకు తట్టింది. అదే నిజమైతే ఒంట్లో ముల్లు గుచ్చితే అవి దాని చుట్టూ మూగాలి, మనిషి వేలికి ముల్లు దిగితే చీము చేరినట్టే. పెరట్లోంచి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి కణాలు ముళ్ళ చుట్టూ గుంపు కట్టి ఉన్నాయి. నక్షత్ర చేప పిల్లకు రక్తనాళాలు లేవు. అంటే ఎరుపు, వేడి లేకుండానే ఈ రక్షణ ఉంది. రక్తనాళాలు తరవాత దానికి తోడు వచ్చిన రహదారులు మాత్రమే. 1908లో ఆయనకు పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

మింగిన తరవాత న్యూట్రోఫిల్ చంపే పద్ధతి కూడా చెప్పాలి. బాక్టీరియాను ఒక సంచిలో బంధించి, అందులోకి ఘాటైన రసాయనాలు పోస్తుంది. వాటిలో ముఖ్యమైనది హైపోక్లోరస్ ఆమ్లం. వానాకాలంలో పంచాయతీ వాళ్ళు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో కలిసినప్పుడు క్రిములను చంపేది కూడా ఇదే పదార్థం. మన ఒంట్లో కంటికి కనపడని సంచిలో దీన్ని అప్పటికప్పుడు తయారు చేసుకునే కణాలు ఉన్నాయి. ఆ తయారీకి పనికివచ్చే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము రంగు ఆకుపచ్చ. చీముకు, ముదిరిన జలుబు చీమిడికి ఉండే పచ్చటి ఛాయ దానిదే. పోరాడిన న్యూట్రోఫిల్స్ అక్కడే చనిపోతాయి. చచ్చిన కణాలు, చచ్చినవీ బతికినవీ బాక్టీరియా, కరిగిన కండ, ఊరిన ద్రవం కలిసి చీము. చీమును చూసి అసహ్యపడతాం, సహజమే. నేను మాత్రం చీము రాకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాను.

పాతికేళ్ళ క్రితం ఒక పసిపాప రక్తం నమూనా మా విభాగానికి వచ్చింది. పుట్టి ఐదు వారాలైనా బొడ్డు ఊడలేదు, దాని చుట్టూ పుండు పడింది. పుండు పెరుగుతోంది గానీ చీము చుక్క లేదు. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు పెద్దవాళ్ళలో 4,000 నుంచి 11,000 వరకు, పసివాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ ఉంటాయి. ఈ పాపకు 60,000 దాటాయి. గాజుపలక మీద పరచిన రక్తం నిండా న్యూట్రోఫిల్సే. పుండు అంచు నుంచి తీసిన ముక్కలో ఒక్కటి కూడా లేదు. రక్తనాళం గోడకు గట్టిగా అతుక్కోవడానికి కణం మీద ఉండాల్సిన ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ ఆ పాపకు పుట్టుకతో లేదు. సైన్యం ఊరి పొలిమేరలో నిండుగా ఉంది, ఊళ్ళోకి దిగే దారి మాత్రం మూసుకుపోయింది. తల్లిదండ్రులది మేనరికం, ఇద్దరిలోనూ లోపం ఉన్న జన్యువు ఒక్కొక్కటి ఉండి, బిడ్డకు రెండూ చేరినప్పుడే ఇది వస్తుంది. ఇప్పుడైతే మూలుగ మార్పిడి చేస్తున్నారు. ఆ పాప అప్పుడు దక్కలేదు. ఆ గాజుపలకను ఇప్పటికీ ఏటా విద్యార్థులకు చూపిస్తాను. వాపు లేని, చీము లేని పుండు ఎలాంటిదో ఒక్కసారైనా కళ్ళతో చూడాలి.

గజ్జలో బిళ్ళ కట్టిందని రాశారు. పాదంలో ఊరిన ద్రవం లింఫ్ నాళాలనే సన్నని గొట్టాల ద్వారా పైకి పారి, గజ్జల్లోని గ్రంథులకు చేరుతుంది. దానితోపాటు బాక్టీరియా తునకలను పట్టుకున్న కణాలూ అక్కడికి చేరతాయి. ఫలానా శత్రువు వచ్చిందని అక్కడి లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలకు అవి చూపిస్తాయి. ఆ శత్రువుకు సరిపోయే లింఫోసైట్లు వేలకు వేలుగా పెరుగుతాయి, అందుకే గ్రంథి ఉబ్బి చేతికి తగులుతుంది. కాలికి పుండైతే గజ్జలో, చేతికి గోరుచుట్టు లేస్తే చంకలో, పన్ను చెడితే దవడ కింద బిళ్ళ కట్టేది ఇందుకే. దాన్ని నలపకండి, దాని మీద వాతలు పెట్టించకండి. కాలి పుండు తగ్గితే కొన్ని వారాల్లో అదే అణుగుతుంది.

ఒళ్ళు వెచ్చబడటం కూడా ఈ పనిలో భాగమే. పాదంలో పుట్టిన సంకేతాలు రక్తంలో కలిసి మెదడులో ఉష్ణోగ్రతను నియంత్రించే చోటుకు చేరి, అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని పుట్టించి, ఒంటి వేడిని పెంచుతాయి. జ్వరం వల్ల లాభమేమిటన్నది అమెరికాలో మాథ్యూ క్లూగర్ 1975లో ఇగ్వానా జాతి ఎడారి బల్లులతో పరీక్షించాడు. వీటికి సొంతంగా ఒంటి వేడి పుట్టదు. జ్వరం కావాలంటే వెచ్చని చోటికి పోవాలి. బాక్టీరియా ఎక్కించినప్పుడు అవి వెతుక్కుంటూ వేడి చోటికే పోయాయి. వేడిగా ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి, చల్లగా ఉంచినవాటిలో ఎక్కువ చనిపోయాయి. దీన్ని బట్టి జ్వరానికి మందు వేయకూడదని అనను. మీ నాన్నగారు నీరసించి, తిండి తినలేకపోతుంటే పారాసెటమాల్ ఇవ్వవచ్చు. దానివల్ల పాదంలోని రక్షణ కుప్పకూలదు. డెంగీ అనుమానం ఉన్న రోజుల్లో మాత్రం ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోకండి, రక్తస్రావం ప్రమాదం ఉంటుంది.

కాలేయానికి కూడా కబురు అందుతుంది. అక్కడ తయారయ్యే సీఆర్‌పీ అనే ప్రోటీన్ బాక్టీరియాకు, దెబ్బతిన్న కణాలకు అంటుకుని వాటికి గుర్తు పెడుతుంది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. ఆసుపత్రిలో మీ నాన్నగారికి ఈ పరీక్ష రాయవచ్చు. ఇది కొన్ని గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది, కారణం తగ్గితే త్వరగా పడిపోతుంది. ఒక్క అంకెను చూసి బెంబేలు పడకండి, రెండోసారి చేసినప్పుడు పెరిగిందా తగ్గిందా అన్నదే ముఖ్యం. కాలేయం హెప్సిడిన్ అనే మరో పదార్థాన్ని కూడా వదిలి, బాక్టీరియాకు అందకుండా రక్తంలోని ఇనుమును దాచేస్తుంది. కాబట్టి ఈ వారంలో ఇనుము తక్కువ ఉందని కాగితంలో వచ్చినా వెంటనే టానిక్కులు మొదలుపెట్టకండి.

నొప్పి గురించి ఒక్క మాట. ఆ సలపరం వల్లే ఆయన కాలు కింద పెట్టడం లేదు. పెట్టకపోవడమే అక్కడ కావలసింది. చక్కెర జబ్బు ఉన్నవారిలో పాదాల నరాలు మొద్దుబారతాయి; ముల్లు దిగినా తెలియదు, పుండు పడినా అదే కాలుతో పొలానికి పోతారు. పైగా చక్కెర బాగా పెరిగి ఉన్నప్పుడు న్యూట్రోఫిల్స్ పాకడం, మింగడం, చంపడం మూడూ మందగిస్తాయి. ఎరుపూ నొప్పీ తక్కువగా ఉండి, లోపల ఎముక దాకా కుళ్ళిన పాదాలను తీసేయాల్సి వచ్చిన సందర్భాలు మా దగ్గరకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. చక్కెర పరీక్ష తప్పనిసరి అన్నది ఇందుకే. మీ నాన్నగారికి నొప్పి తెలుస్తోంది, ఆ ఒక్క సంగతి నాకు కొంత ధైర్యం ఇచ్చింది.

ఇదంతా ఎలా ఆగుతుందన్నది మీరు అడగలేదు గానీ, మీ ప్రశ్నకు అసలు కీలకం అక్కడే ఉంది. ఒకప్పుడు, కారణం పోతే మంట దానంతట అదే ఆరిపోతుందనుకునేవారు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఆర్పడానికి కూడా శరీరానికి వేరే పని ఉంది. ఒకటి రెండు రోజుల తరవాత మాక్రోఫేజ్‌లు పెద్ద సంఖ్యలో వచ్చి, చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను మింగి చోటు శుభ్రం చేస్తాయి. అలా మింగడమే వాటి స్వభావాన్ని మారుస్తుంది. పోరు సంకేతాలు తగ్గించి, మాన్పే సంకేతాలు పెంచుతాయి. అదే సమయంలో లైపాక్సిన్లు, రిజాల్విన్లు అనే కొవ్వు పదార్థాలు పుట్టి కొత్త న్యూట్రోఫిల్స్ రాకను ఆపుతాయి. అయితే ఇదంతా జరగాలంటే శత్రువు పోవాలి. ముల్లు కొన లోపలే ఉంటే పోరు ఆగదు. ఒక రైతు పాదంలో ఏడాదిగా ఉన్న గట్టి కాయను సర్జన్ తీసి మాకు పంపారు. కోసి చూస్తే మధ్యలో ఆవగింజలో సగం కూడా లేని తునక. ఒకే దిశలో కంపించేలా చేసిన కాంతిలో (పోలరైజ్డ్ లైట్) దాని గోడలు తళతళ మెరిశాయి, మొక్క కణాల గోడలు అలాగే మెరుస్తాయి. దాని చుట్టూ మాక్రోఫేజ్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోయి, పది పదిహేను కేంద్రకాలున్న రాక్షస కణాలుగా మారి కౌగిలించుకుని ఉన్నాయి. మింగలేవు, వదలలేవు. మందులతో ఆ కాయ ఎన్నాళ్ళయినా తగ్గేది కాదు. తునక తీశాక రెండు వారాల్లో మానింది.

క్షయలో కూడా శరీరం ఇలాంటి గోడే కడుతుంది. మన దేశంలో ఎంతోమందిలో క్షయ క్రిమి ఆ గోడ మధ్య నిద్రలో ఉంటుంది. కీళ్ళవాతానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు వచ్చిన కొత్తల్లో, అవి వాడినవారిలో నిద్రపోతున్న క్షయ లేచింది. ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేస్తున్నది అందుకే. కీళ్ళను కాల్చిన మంటే ఊపిరితిత్తుల్లో క్రిమిని కట్టడి చేస్తోందని అప్పుడు కళ్ళకు కట్టినట్టు తెలిసింది.

అలాగని ఇది ఎప్పుడూ మేలే చేస్తుందనడం లేదు. న్యూట్రోఫిల్ పోసే రసాయనాలకు మన కండ, బాక్టీరియా అన్న తేడా లేదు. పాదానికి పరిమితం కావాల్సిన స్పందన ఒళ్ళంతా పాకితే రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సెప్సిస్ అంటే అదే. కీళ్ళవాతంలో శత్రువు లేకుండానే పోరు నడుస్తుంది; 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన కీళ్ళవాత రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. స్టెరాయిడ్ గొప్ప మందు, ప్రాణాలు నిలిపిన మందు. దాని మంచీ చెడూ రెండూ కోవిడ్‌లో మన కళ్ళ ముందే జరిగాయి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది: వెంటిలేటర్ మీద ఉన్నవారిలో డెక్సామెథసోన్ మరణాలను సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో సుమారు ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. మొదటి రోజుల్లో పోరు కావాలి, తరవాత అదుపు తప్పినప్పుడు పగ్గం కావాలి, అంతా సమయాన్ని బట్టే. 2021లో మన దగ్గర అవసరం లేనివారికి, అవసరమైన దానికంటే ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు వాడారు. చక్కెర పెరిగినవారి ముక్కుల్లో, కళ్ళలో బ్లాక్ ఫంగస్ ఎలా పాకిందో ఆ వేసవి ఎవరూ మరిచిపోలేదు.

మీ నాన్నగారి పాదానికి ఆ సూదిమందు ఏమి చేస్తుందో ఇప్పుడు చెప్పగలను. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను రక్తనాళం గోడకు అతుక్కోనివ్వదు, సంకేతాలను అణచివేస్తుంది, ఊరే ద్రవాన్ని తగ్గిస్తుంది. వాపు నిజంగానే సాయంత్రానికి తగ్గుతుంది. జ్వరమూ తగ్గుతుంది, ఆయన హాయిగా నిద్రపోతారు. ఆ పాపకు పుట్టుకతో లేనిదాన్ని కొన్ని రోజులపాటు ఆయన ఒంట్లోంచి కొంతవరకు తీసేసినట్టు అవుతుంది. బాక్టీరియా మాత్రం అక్కడే ఉంటుంది, ముల్లు కొన ఉంటే అదీ ఉంటుంది. చక్కెర ఉంటే ఇంకా పెరుగుతుంది.

సర్జన్‌ను చూసేదాకా కాలు దిండు మీద ఎత్తుగా పెట్టించండి. సబ్బు నీళ్ళతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. పేడ, ఆకు పసరు, పొగాకు వంటివి పెట్టకండి. కాపడం పెట్టాలనుకుంటే చక్కెర లేదని తేలాకే, అదీ గోరువెచ్చగా. మొద్దుబారిన పాదం కాలినా తెలియదు. ఎరుపు ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయండి. ఆరేడు గంటల్లో ఎరుపు గీత దాటిందంటే, లేదా కాలి మీద గజ్జ వైపు ఎర్రటి చార పాకిందంటే రేపటిదాకా ఆగకండి. చలితో వణుకు, బొబ్బలు, చర్మం నల్లబడటం, పైకి కనపడేదానికి పొంతన లేనంత నొప్పి, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ జవాబు మీకు చేరేలోపే ఎవరైనా ఆ సూదిమందు వేసేసి ఉంటే, సిగ్గుపడి దాచకండి. సీసా దొరికితే సీసానే పట్టుకెళ్ళి, ఎప్పుడు వేశారో కూడా సర్జన్‌కు చెప్పండి. స్టెరాయిడ్ పడ్డాక గోడ వదిలేసిన న్యూట్రోఫిల్స్ రక్తంలోకి చేరడంతో తెల్లకణాల లెక్క పెరిగి కనపడుతుంది. పాదమేమో తగ్గినట్టు కనపడుతుంది. సంగతి తెలియని డాక్టరును ఆ రెండూ తప్పుదారి పట్టిస్తాయి.